సాగనంపని చుట్టం

గా కుండ యాడ దొరికింది బిడ్డా నీకు? సజ్జ మీదనా? అగో, పాత ధోతిల చుట్టి మూలకు నూకి పెట్టినం, అది గూడ నీ కండ్లవడ్డదా. సరే, కింద పెట్టు. మెల్లగ. నడుమ ఉన్న నెమలీక కాడను మాత్రం ముట్టకు. ఎందుకో చెప్త, కూసో. నవ్వకు నిహారికా, నవ్వే ముచ్చట కాదు. నిన్న పొద్దుమీకి పైనుంచి ఒక చప్పుడైంది, అది నువ్వేనా? నువ్వేనా... హమ్మయ్య. గా మాట నిన్ననే చెప్తే నేను రాత్రి ఇంత నిద్రపోదును. మీ బాలమణి అవ్వ, ఏంది గట్ల దొర్లుతున్నవని అడిగితే మిర్చి బజ్జీలు పడలేదని చెప్పిన. ఆమెకు ఈ కుండ ముచ్చట ఎత్తితే ఇప్పటికీ బుగులే. చాయ్ తాగు. కిటికీ గట్లనే ఉండనీ, జరసేపు.

ఈ కుండ చేసినాయన నువ్వు కిరాయికి ఉన్న పై గదులల్లనే ఉంటుండె. పరబ్రహ్మం గారు. ఆయన పోయి చానా ఏండ్లైంది, గప్పుడు నువ్వు పలకా బలపం పట్టి బడికి పోతుంటివేమో. కృష్ణా జిల్లా మనిషి. సినిమావాళ్ల వెంట మద్రాసు పోయిండు, మళ్లా సినిమావాళ్ల వెంటనే గీడికి వచ్చిండు. చప్పుళ్లు చేసుడు ఆయన పని. అదేం పని తాతా అంటవు. తెర మీద హీరో మెట్లు ఎక్కుతడు, ఆ బూట్ల టకటక వానిది కాదు. చీకటి థియేటర్ల ఒక ముసలాయన బూట్లు తొడుక్కొని చెక్క మీద నడిచిన చప్పుడది. వాన కావాలంటే చేటల బియ్యం ఆడిస్తడు. గుర్రానికి కొబ్బరిచిప్పలు. విలన్ చెయ్యి విరగాలంటే ముల్లంగి విరుస్తడు. ఆయన ఇంటావిడ కుసుమకుమారి గారు పైన అంటుండేది, మాకు కిందికి వినపడేది, "ఏమండీ, అది సాంబారుకని తెచ్చుకున్న ముల్లంగండీ. ఈ పూటకి మీ విలన్‌ని క్షేమంగా ఉండనివ్వండి" అని. ఆమె కోపం గూడ కోపమోలె ఉండకపోయేది. నిజాం కాలేజీల మాకు ఫిలాసఫీ చెప్పే సారొకాయన ఉండె, కండ్లు మూసుకొని పాఠం చెప్పేటోడు, మేము వెనకనుంచి ఒక్కొక్కలం జారుకునేది. మనిషి చూసేది సగం మాయ, వినేది ముప్పావు మాయ అనేటోడాయన. గప్పుడు నాకు సమజ్ కాలే. బ్రహ్మం గారు పై గదిలకు వచ్చినంక సమజైంది.

ఆయనకో పట్టుదల ఉండె. బొమ్మ చూపించొద్దు అనేటోడు. "నర్సయ్య గారూ, పులిని చూపించారనుకోండి, జనం పులిని చూస్తారు, అంతే. చప్పుడొక్కటే ఇచ్చి ఊరుకుంటే, ఎవరి గుండెల్లో వాళ్లకి ఒక పులి పుడుతుందండీ. అది థియేటర్లో ఉండిపోదు, ఇంటిదాకా వస్తుంది." ఈ మాట జర గుర్తు పెట్టుకో బిడ్డా. ఆయన కొంప ముంచింది ఈ మాటనే.

గవి హైటెక్ సిటీ లేస్తున్న రోజులు. మాదాపూర్ దిక్కు పోతే బండలు పేల్చుడు, ఇటు అమీర్‌పేట దిక్కు పోతే సందు సందుకు కంప్యూటర్ కోర్సుల బోర్డులు. నేను రైల్వేల రిటైరై ఇంట్ల కూసుంటే మా బామ్మర్ది, బావా నువ్వు గూడ జావా నేర్చుకో అన్నడు, వాని ముఖం. సరే, గా కంప్యూటర్ డబ్బింగ్ థియేటర్లకు గూడ వచ్చింది. ఒక సీడీ ఏస్తే లోకంల ఉన్న చప్పుళ్లన్నీ అండ్లనే. బటన్ ఒత్తుతే వాన, ఇంకోటి ఒత్తుతే ఏనుగు. ఇగ బ్రహ్మం గారిని పిలిచేదెవరు? నెలకో రెండునెలలకో ఒక పిలుపు. సాయంత్రాలు ఊకె కూసోలేక, భుజానికి టేప్ రికార్డర్ ఏసుకొని నక్కలబండకు పోతుండె. అగో, కిటికీల కనపడుతున్నదే గోడ అవతల, గదే. నువ్వు చెవులకు వైర్లు పెట్టుకొని ఉరుకుతవే, గా జాగ. మా నాయిన కాలంల షేక్‌పేట పసులన్నీ ఆడనే మేసేటివి. సీతాఫలాలు గంపలకు గంపలు. చిరుతపులి గూడ ఉండెనట, మా నాయిన చూసిన అంటుండె. నేనైతే ఎన్నడు చూడలే. నేను రైల్వే నౌకరిల ఉన్నప్పుడే అటుదిక్కు నుంచి జూబ్లీహిల్స్ బంగ్లాలు, ఇటుదిక్కు నుంచి ఫిలింనగర్, బొక్కను ఇద్దరు రెండు దిక్కుల కొరికినట్టు కొరుక్కుంట వచ్చినయ్. నడుమ గా గుట్ట సర్కారు అడవి జాగ గనుక మిగిలింది. బండలు, తంగేడు, పరికి కంప, సీతాఫలం పొదలు. నెమళ్లు మస్తు. అలుగు, ముండ్లపంది, ఉడుములు. మల్లమ్మ అని ఒకామె ఆడ మేకలు మేపేది. బ్రహ్మం గారు బండ మీద కూసొని పిట్టల గొంతులు టేపుల పడుతుంటే, "ఏం సిన్మా సారూ, నెమలిది పడ్తవు, నక్కది పడ్తవు, నా మేక ఏం పాపం జేసింది? దానికి గూడ ఒక యేషం ఇప్పియ్యరాదు" అని ఆడుకునేది.

గంతలనే అడవి ఆఫీసువాళ్లు, ఈ గుట్టను ఊకె ఇడిసిపెడితే ఎవడో ఒకడు మింగుతడు, జనానికి నడిచే పార్కు చేస్తే జనమే కాపాడుకుంటరు అన్నరు. మంచి మాటనే. రేంజర్ బసవపున్నయ్య అని పడుచుపిల్లగాడు, వాళ్లది గూడ ఆంధ్ర దిక్కే, మంచోడు. ఆయన, బ్రహ్మం గారు కూసొని ఒక ఉపాయం చేసిన్రు. గుట్ట చుట్టు అంచుకు నడిచే తోవ మనుషులది. లోపటి బండలు, పొదలు జంతువులవి. నడుమ హద్దుకు సున్నం కొట్టిన రాళ్లు. ఆ రాళ్లకు బ్రహ్మం గారే కుంచె పట్టుకొని సున్నం కొట్టిండు. ఇంటికి వస్తే మీసాల నిండ సున్నం. కుసుమకుమారి గారు, "కొత్త సినిమాలో తాత వేషం ఇచ్చారాండీ" అని నవ్వింది. మూడు నెలలు గూడ నిలువలేదు గా హద్దు. కొత్త నౌకర్లు, కొత్త కార్లు, వాళ్లకు హద్దేంది. లోపటికి పోయి బండలెక్కి ఫోటోలు, పాటలు, సీసాలు. వాకర్స్ సంఘం ప్రెసిడెంట్ ఓంప్రకాష్ అని బేగంబజార్ల పెద్ద యాపారి, జూబ్లీహిల్స్‌ల బంగ్లా. ఆయన అన్నడు, "అరే భై, జనం కోసం పార్కు అంటరు, అందం ఉన్న కాడికి పోవద్దంటరు. మరి బయట తిరిగేటందుకైతే మా ఇంటి చుట్టే తిరుగుదుము గదా." ఒకనాడు ఎవరిదో పుట్టినరోజని పెద్ద బండ మీద కేకు కోసిన్రు. ఆ బండ కింది పొదల నెమలి పొదుగుతున్నది. లేచిపోయింది, మళ్లా రాలే. గుడ్లు కాకులు తిన్నయ్. బ్రహ్మం గారు రేంజర్ కాడికి పోయి అడిగితే ఆ పిల్లగాడు తల పట్టుకున్నడు. "గురువు గారూ, నాకున్నది ఇద్దరు వాచర్లండీ. వాళ్లు ఒక కారు మనిషిని ఆపారంటే, సాయంత్రానికి నాకు పైనుంచి ఫోనొస్తుంది."

గా కోపంలనే ఈ కుండ పుట్టింది. మల్లమ్మ కాడ మేకతోలు తెచ్చిండు. మూతికి బిగించి, నడుమ చిన్న తూటు చేసి, నక్కలబండల రాలిన నెమలీక కాడ గుచ్చిండు. వేళ్లు తడిచేసి కాడను పైనుంచి కిందికి రాయాలె. రాస్తే ఏమైతదో నిన్న నువ్వు విన్నవు గదా. సినిమాల పులి గర్జిస్తది, అది మనకోసం పెట్టిన గర్జన. నిజం చిరుత పిలిచేటప్పుడు గర్జించదట. దూలాన్ని రంపంతోటి కోసినట్టుంటదట, గర్... గర్... గర్, ఊపిరి లోపటికి ఒకసారి, బయటికి ఒకసారి. ఒక పగటిపూట పైన మొదటిసారి లాగిండు. మా బాలమణి పాలగిన్నె ఇడిసేసింది. గల్లీల ఉన్న కుక్కలు, ఆ కిరాణా దుకాణం మెట్ల మీద పన్నయి గూడ, ఒక్కటి మొరగలే. మొరిగితే నాకు గంత బుగులు కాకపోతుండె. తోక ముడుచుకొని సప్పుడు చేయకుంట పోయినయ్. వాటికెవరు చెప్పిన్రు? పట్నంల పుట్టిన కుక్కలు, వాటి తాతలు గూడ చిరుతను చూసి ఉండవు. నేను పైకి ఉరికిన. బ్రహ్మం గారు కుండ ఒళ్లె పెట్టుకొని కూసున్నడు, ఆయన చేతుల మీద రోమాలు గూడ నిక్కబొడిచినయ్.

ఇగ మొదలైంది. పొద్దుగూకే యాళ్లకు కుండను కూరగాయల సంచిల పెట్టుకొని పోతుండె. పొదల మాటుకు కూసొని, నడిచేటోళ్లు సున్నం రాళ్లు దాటంగనే ఒకసారి లాగి ఊకుంటుండె. గంతే. ఎక్కువ లాగొద్దు అనేటోడు, ఎక్కువైతే నాటకమని తెలిసిపోతదట. లోపటికి పోయినోళ్లు చెప్పులు గూడ చూసుకోకుంట బయటికి ఉరికిన్రు. వారం తిరగకముందే లోపట మనిషి లేడు. సున్నం రాళ్లకు గౌరవం వచ్చింది. నెమళ్లు మళ్లా పొదిగినయ్. పిల్లలను ఏసుకొని తిరుగుతుంటే చూసి వచ్చి, ఈ మనిషి మా ఇంట్ల నిలవడి ఆ పిల్లలు నడిచినట్టు నడిచి చూపిచ్చిండు. అరవై దాటిన మనిషి. నేను గూడ నవ్విన. మంచి పని జరిగింది, ఇగ సాలు అనుకున్నం. ఆయన కుండను సంచిల నుంచి తీసి అటక మీద పెట్టిండు. సినిమాల అయితే ఆడికి ఖతం. కట్ అంటరు, చప్పుడు బంద్ అయితది, లైట్లేస్తరు, ఇంటికి పోతరు.

ఈడ కట్ అనేటోడు ఎవడు? బుగులు పుట్టినంక అది తన కాళ్ల మీద తను నడుస్తది బిడ్డా. ఒక డ్రైవరు, మా సార్ ఇంటి స్విమ్మింగ్ పూల్‌ల నీళ్లు తాగంగ చూసిన అన్నడు. ఒకామె కండ్లు చూసింది. ఒక అపార్ట్‌మెంట్ల లిఫ్టు కాడ వాసన వచ్చిందట. అప్పుడప్పుడే టీవీల వార్తల ఛానళ్లు వచ్చినయ్, ఇగ చెప్పాల్నా? కుక్క అడుగును పులి అడుగని గుండ్రంగ గీత గీసి చూపిచ్చిన్రు. బడి పిల్లలను బయట ఆడనిస్తలేరు. బ్రహ్మం గారు మొదట్ల నవ్విండు. తర్వాత నవ్వు తగ్గింది. ఎందుకంటే చాయ్ దుకాణం కాడ ఎవడో అన్నడు, "మంగళవారం సాయంత్రం మళ్లా అరిసింది, నేనే విన్న" అని. ఆయన నా చెయ్యి పట్టుకొని పక్కకు తీసుకపోయిండు. "నర్సయ్య గారూ, మంగళవారం నేను స్టూడియోలో ఉన్నానండీ. కుండ అటక మీద ఉంది." నేనన్న, "మీరే చెప్పిన్రు గదా, ఎవరి గుండెల వాళ్లకు పులి పుడతదని. గది వాని గుండెల చప్పుడు." ఆయన తల ఊపిండు గని, ముఖం కుదుటపడలే. నాలుగొద్దులకు మల్లమ్మ మేక ఒకటి తప్పిపోయింది. కుక్క అడుగును చూసి పకపక నవ్విన మనిషే ఆమె. ఈసారి నవ్వలే. మందను తోలుకొని వేరే దిక్కు పోయింది.

ఓంప్రకాష్ సంఘం మీటింగ్ పెట్టిండు. చెడ్డోడు కాదాయన, మనవరాలు ఆ తోవలనే సైకిల్ తొక్కేది. "పులికి దాక్కునే జాగ ఉంటేనే కదా ఉంటది. పొదలన్నీ కొట్టేయుండ్రి, సాఫ్ చేయుండ్రి, స్తంభాలేసి లైట్లు పెట్టుండ్రి. బండల నడుమ ఏమున్నదో ఇంటి నుంచి కనపడాలె." పెద్దోళ్ల కాలనీ, మాటకు బలం ఉంటది. అడవి ఆఫీసుకు పైనుంచి ఉత్తరువు వచ్చింది. ముందుగాల బోను పెట్టాలె, ఆ తర్వాత సోమవారం జేసీబీలు దించి పొదలు తీసెయ్యాలె. బ్రహ్మం గారు ఈ మాట విని మెట్ల మీద కూలవడ్డడు. నెమళ్లను కాపాడబోయి నెమళ్ల ఇల్లే కూలగొట్టిచ్చిన అని. చెప్తే పోలీసులు, చెప్పకపోతే జేసీబీలు. రెండు దినాలు అన్నం ముట్టలే. ఆఖరుకు కుసుమకుమారి గారే అన్నది, "ఏమండీ, జైల్లో పెడితే క్యారేజీ తెస్తాను. లేవండి. వెళ్లి చెప్పేయండి" అని. ఆయన ఒక్కడే పోలేనన్నడు. నేను తోడు పోయిన.

బసవపున్నయ్య లోపల పెద్దబండ కాడ బోను పెట్టిస్తున్నడు. బోన్ల మేక, మే మే అని ఒకటే అరుసుడు. ఇంకా ఎండ పూర్తిగ పోలే, బండల మీద ఎర్రగ ఉన్నది. వాచర్లను పక్కకు పంపిచ్చి బ్రహ్మం గారు మొత్తం చెప్పిండు. ఆ పిల్లగాడు నమ్మలే. "గురువు గారూ, పొదల మీద ప్రేమతో మీరు ఈ మాట అంటున్నారని నాకు తెలుసండీ. కానీ ఇంతమంది విన్నారు, కుండ అంటే ఎవరు ఒప్పుకుంటారు" అన్నడు. అప్పుడు బ్రహ్మం గారు సంచిల నుంచి కుండ తీసిండు. నోట్ల వేళ్లు తడిచేసుకున్నడు. లాగిండు. గర్... గర్... గర్. రేంజర్ రెండడుగులు వెనకకు వేసిండు. తర్వాత కుండను చూసిండు, ఆయనను చూసిండు, నవ్వుడు మొదలుపెట్టిండు. ఏం నవ్వు అది, గుండె మీది బండ దిగిన నవ్వు. "మీరా అండీ. నా నిద్రంతా పాడుచేసింది మీరా" అని. బ్రహ్మం గారు గూడ నవ్విండు, నేను గూడ. కుండను కింద పెట్టిండు. ఆయన చేతులు రెండు ఇట్ల ఖాళీగ, మోకాళ్ల మీద ఉన్నయ్. నేను చూస్తనే ఉన్న.

గప్పుడు పెద్దబండ అవతల నుంచి వచ్చింది. గర్... గర్... ఊపిరి లోపటికి, ఊపిరి బయటికి. తొందర లేకుంట. మనం పిలిస్తే పక్క గదిలకెల్లి ఎవరన్న ఆ అన్నట్టు.

మేక అరుపు బంద్ చేసింది. నాకు ఆ అరుపు ఆగుడే ఇప్పటికీ యాదికి వస్తది, మిగిలినది గాదు. రేంజర్ బ్రహ్మం గారి చేతుల దిక్కు చూస్తున్నడు, నోరు తెరిచి. ఆఖరుకు ఆ పిల్లగాడు అన్నడు, "ప్రతిధ్వనేమోనండీ, బండ కదా." బ్రహ్మం గారు తల అడ్డంగ ఊపిండు. జిందగంత చప్పుళ్లతోనే బతికిన మనిషి. "ప్రతిధ్వని ఆగి, ఆలోచించుకుని రాదు నాయనా. ఊపిరి తీసుకోదు. నేనే పిలిచాను దాన్ని. గండిపేట అవతల అడవుల్లో ఎక్కడో ఉన్నదాన్ని, ఇక్కడ నీలాంటిదొకటి ఉంది రమ్మని రోజూ పిలిచాను. వచ్చింది."

ఇప్పుడు చెప్పు బిడ్డా, ఏం చేస్తవు? ఉన్నదని రాస్తే సోమవారం పొదలు పోతయ్, అది బోన్ల పడుతది, లేకుంటే కర్రలు పట్టిన జనం చేతుల పడుతది. లేదని రాస్తే, లోపట అది, బయట మనుషులు, నడుమ సున్నం కొట్టిన రాళ్లు. ఆ పిల్లగాడు చెమటలు తుడుచుకున్నడు. "మనిషికి ఏమన్నా అయితే గురువు గారూ" అన్నడు. బ్రహ్మం గారు అన్నడు, "నా పేరు రాయండి. సినిమావాడొకడు కుండతో ఆడిన నాటకం, పులీ లేదు గిలీ లేదని రాయండి. సాయంత్రం కాగానే గేటుకు తాళం వేయండి. ఇంటికి పిలిచిన చుట్టాన్ని పిలిచినవాడే పొలిమేర దాకా సాగనంపాలి. కొంచెం గడువివ్వండి, నేను సాగనంపుతాను."

అట్లనే రాసిన్రు. జేసీబీలు రాలే. బోను ఎత్తేసిన్రు. బ్రహ్మం గారి బతుకు మాత్రం బజార్ల పడ్డది. ఠాణాల కూసోబెట్టిన్రు, ఇంకెన్నడు చేయనని సంతకం పెట్టిచ్చుకున్నరు, పేపర్ల ఫోటో ఏసిన్రు. కృష్ణానగర్ చాయ్ దుకాణాలల్ల "పులి బ్రహ్మం" అని పేరు పడ్డది. ఉన్న ఒకటి రెండు పిలుపులు గూడ బంద్ అయినయ్. ఓంప్రకాష్ ఎదురువడితే, "క్యా శేర్ సాబ్, ఇయ్యాల షూటింగ్ లేదా" అనేటోడు. ఈయన దండం పెట్టి, "సార్, చీకటి పడుతోంది, పాపని ఇంటికి తీసుకెళ్లండి" అంటుండె. వాళ్లందరు నవ్వుడు. ఎన్నటికీ నమ్మరు ఇగ. పులి లేదని నమ్మిచ్చిన మనిషే ఉన్నదని ఎట్ల చెప్తడు?

సాగనంపుడు మాత్రం ఇడవలే. సంతకం పెట్టిన చేతితోనే కుండ పట్టుకున్నడు. మొదటినాడు నక్కలబండ పడమటి అంచుకు కూసొని లాగిండు, పొదల నుంచి జవాబు వచ్చింది. తెల్లారి గోడ దాటి షేక్‌పేట నాలా పక్క బండల కాడ. అటెన్క ఇంకింత ముందుకు. గోల్కొండ వెనకకు తీసుకపోతే సాలు, ఆడినుంచి గండిపేట అడవులకు దాని తోవ దానికి తెలుస్తది అని ఆయన ఆశ. ఒకనాడు నేను గూడ పోయిన. ఆయన ముందు, నేను వెనక, మా ఇద్దరి వెనక... వెనకకు తిరగకండి అన్నడు. నేను తిరగలే. గడ్డి చప్పుడైతలే, కంప చప్పుడైతలే, పిట్టలు మాత్రం మా వెనక ఒక్కొక్క చెట్టు బంద్ అయితున్నయ్.

రోడ్డు కాడ ఆగిపోయింది. హైటెక్ సిటీ దిక్కు కొత్తగ ఏసిన పెద్ద రోడ్డు. కార్లు, ఆఫీసు బస్సులు, తెంపు లేదు. బ్రహ్మం గారు అవతలికి దాటి లాగితే ఆ చప్పుళ్ల కుండ గొంతు ఈయనకే వినపడకపాయె. ఇటు వచ్చి లాగితే, రోడ్డు పక్క పొదల నుంచే జవాబు. గంత దగ్గరికి వచ్చి, దాటలేక కూసున్నది. దినాం గదే పని. అటు నుంచి పిలుసుడు, అది ఇటు నుంచి పలుకుడు. గంతలనే అటుదిక్కు బండలు పేల్చుడు మొదలైంది, గోడలు లేచినయ్, గోడల మీద అపార్ట్‌మెంట్లు. ఒకనాడు జవాబు జర దూరం నుంచి వచ్చింది. తెల్లారి ఇంకా దూరం నుంచి. తిరిగిపోయింది బిడ్డా, నక్కలబండకు. వచ్చిన తోవ మూసుకపోయింది, ఇగ అది యాడికి పోతది?

అటెన్క ఆయన కుండ పట్టలే. పొద్దుమీకి గేటు కాడ నిలవడి, తాళం వేసేదాక అందరిని బయటికి పంపుతుండె. తిట్టినోళ్లు తిట్టిన్రు. ఎవరికీ ఏం కాలే, అది నిజం. పొదలు గూడ మిగిలినయ్, ఇయ్యాల నువ్వు చూసే నెమళ్లు ఆ పిల్లల పిల్లలే. కానీ ఆయన ప్రతి పొద్దు, ఇయ్యాల ఎవరికో ఏదో అయిందని వార్త వస్తదేమోనని బుగులు పడేటోడు. పేపర్ ముందు నేను చదివి, ఏం లేదని చెప్తేనే ముట్టుకునేది. గట్లనే జ్వరం వచ్చింది, తగ్గింది, మళ్లొచ్చింది, పోయిండు. పోయే ముందు నన్ను పిలిచి, "కుండ పగలగొట్టకండి నర్సయ్య గారూ, ఎప్పుడైనా దారి దొరికితే ఎవరో ఒకరు దాన్ని పంపించాలి. అందాకా మాత్రం ఎవర్నీ లాగనివ్వకండి. అది వచ్చేస్తుంది" అన్నడు. కుసుమకుమారి గారు విజయవాడకు చెల్లె కాడికి పోయింది. కొబ్బరిచిప్పలు గూడ తీసుకపోయింది.

నువ్వు మనసుల ఏస్తున్న లెక్క నేను గూడ ఏసిన బిడ్డా. చిరుత ఎన్నేండ్లు బతుకుతది? బసవపున్నయ్య ఇప్పుడు ఆదిలాబాద్ దిక్కు పెద్ద ఆఫీసర్, ఒకసారి ఫోన్ చేస్తే అడిగిన. "ఈపాటికి పోయుంటుందండీ, అంత కాలం బతకదు" అన్నడు. మళ్లా తనే, "ఒంటరిదైతే" అన్నడు. నేను ఫోన్ పెట్టేసిన. గందుకే చెప్తున్న, ఆఫీసు నుంచి లేటైందని నువ్వు గేటు మూసినంక పగిలిన గోడల నుంచి దూరి ఉరుకుతవని నాకెరుక. రేపటి నుంచి వద్దు. చెవులకు గా వైర్లు పెట్టుకొని అసలే వద్దు.

అయినా నీ చెయ్యి మంచి చెయ్యి నిహారికా. నిన్న మొదటిసారి లాగినప్పుడు కాడ జారి గీసుకపోయింది, కొత్త చెయ్యి అని తెలుస్తనే ఉన్నది. జరసేపటికి రెండోసారి లాగినవే, అది మాత్రం అచ్చం బ్రహ్మం గారు లాగినట్టే ఉండె. లోపటికి, బయటికి, తొందర లేకుంట. గంత జల్ది ఎట్ల వచ్చింది నీకు?

ఏంది?

ఒక్కసారేనా...

లే బిడ్డా. కిటికీ పెట్టు. పొద్దు గూకింది, దోమలొస్తయ్. ఆ చాయ్ గూడ తాగలే నువ్వు, సల్లారింది, మళ్ల పెట్టిస్త ఉండు.